పూసలోని కణమునకు ప్రాణవాయువు

సగ్గుబియ్యపు పాయసము కాచునపుడు గృహిణులు ఒక గింజను గరిటెపైకి తీసి చూతురు. పైభాగమంతయు అద్దమువలె తేటపడినను నడుమ తెల్లని చుక్క మిగిలియున్నచో ఇంకను ఉడుకవలెనని గ్రహింతురు. నీరును వేడియు వెలుపలినుండి లోనికి పోవలసినవగుటచేత, అవి కడపట చేరునది నడిమిభాగమునకే. మేము నేడు చెప్పబూనిన విషయమునందును ఇట్టి చుక్కయే ప్రధానము. అయితే అచ్చటిది ఊపిరాడక చచ్చిన జీవకణముల చుక్క.

ఈస్టు మొదలగు సూక్ష్మజీవులచేత పనిచేయించుకొనుట మనుష్యునకు క్రొత్తగాదు. పని ముగిసిన పిమ్మట వానిని ద్రవమునుండి వేరుచేయుటయే చిక్కు. అందుచేత వానిని పూసలలో బంధింతురు. గోధుమవన్నె సముద్రపునాచునుండి తీసిన సోడియమ్ ఆల్జినేటును నీటిలో నూటికి రెండుపాళ్లు కరగించి, అందు ఈస్టును కలిపి, ఆ చిక్కని ద్రవమును సన్నని గొట్టముగుండ కాల్షియమ్ క్లోరైడు కరగిన నీటిలోనికి బొట్లుబొట్లుగ విడుతురు. కాల్షియము ఆల్జినేటు పోగులను ఒకదానితో నొకటి ముడివేయును. బొట్టు చూచుచుండగనే గట్టిపడి పూస యగును. పొయ్యితో పనిలేదు గనుక కణములకు వేడివలన హాని లేదు.

మరి బందీయైన కణమునకు ఆహార మెట్లు చేరును? పూస గట్టిగ కనుపించినను అందు నూటికి తొంబదియైదుపాళ్లకు మించి నీరే. ఈస్టుకణము మిల్లీమీటరులో సుమారు రెండువందలవ వంతు. గ్లూకోజు అణువు దానికంటె కొన్నివేల రెట్లు చిన్నది. చేపను పట్టిన వల నీటిని ఆపదు గదా! ఈ సంగతిని 1861లో థామస్ గ్రేహమ్ అను స్కాట్లండు రసాయనవేత్త పరీక్షించి చూపెను. అప్పటి కాయన లండనులో నాణెముల టంకశాలకు అధిపతి. మన యిండ్లలో చైనాగ్రాసు అని పిలుచు పదార్థముతో ఆయన జెల్లీ చేసి, అందు ఉప్పు ఇంచుమించు నీటిలో వలెనే వ్యాపించునని కనుగొనెను. అణువులు తమంతట తాము ఎక్కువగ నున్నచోటినుండి తక్కువగ నున్నచోటికి విస్తరించుటకే వ్యాపనమని పేరు.

కావున దోషము జెల్లీది కాదు, దూరముది. వ్యాపించు అణువునకు దారి తెలియదు. అది క్షణక్షణము ఇతరాణువులతో ఢీకొని అటునిటు తిరుగాడును. అందుచేత దూరము రెండింతలైనచో కాలము నాలుగింత లగును. దూరము పదింతలైనచో కాలము నూరింతలు. నీటిలో గ్లూకోజు ఒక మిల్లీమీటరు పోవుటకు సుమారు పండ్రెండు నిమిషములు పట్టును. ఒక సెంటీమీటరునకు ఇరువది గంటలు! ఒక మీటరునకు ఇరువది మూడేండ్లకు పైమాటయే. లెక్క తప్పినదేమోనని మేమును రెండుమారులు వేసి చూచితిమి. గాజుగ్లాసులో చైనాగ్రాసు జెల్లీని పేర్చి, దానిపై రంగునీరు పోసి, గంటకొకమారు రంగు ఎంతలోతు దిగినదో కొలిచినచో, మొదటి గంటలో దిగినంతలోతు మరల దిగుటకు ఇంకను మూడు గంటలు పట్టుట పిల్లలకు కన్నులార చూపవచ్చును.

ఇక ప్రాణవాయువు మాట. దాని అణువు గ్లూకోజుకంటె చిన్నది. సుమారు మూడురెట్లు వేగముగ వ్యాపించును. అయినను కొరత దానికే. లీటరు నీటిలో నూరుగ్రాముల చక్కెరను సులభముగ కరగింపవచ్చును. గాలి తగులు నీటిలో ప్రాణవాయువు 25 డిగ్రీల వేడిమివద్ద లీటరునకు ఎనిమిది మిల్లీగ్రాములే నిలుచును. పూస అంచుననున్న కణములు దానిని ముందుగ గ్రహించివేయును. కణములు దట్టముగనున్న పూసలో ప్రాణవాయువు పైనుండి మిల్లీమీటరులో ఒకటి రెండు పదవవంతులు మాత్రమే లోనికి చేరును. అంతకు లోపల చక్కెర యుండియు ఊపిరి లేదు.

ఈస్టు గాలి లేకయే చక్కెరను మద్యసారముగ మార్చగలదు గనుక దాని కిది పెద్దలోటు గాదు. దానివలన పుట్టు బొగ్గుపులుసు వాయువు పూసలను పగులగొట్టుట వేరొక బాధ. జపానులో టనాబె సంస్థయందు చిబాటా బృందము 1973లో జెల్లీలో బంధించిన సూక్ష్మజీవులచేత ఆస్పార్టిక్ ఆమ్లమును తయారుచేయించెను. ఆ చర్యకును ప్రాణవాయువు అక్కరలేదు. గాలి కావలసిన కణములకో పూస చిన్నదిగ నుండవలెను. అయితే మరీ చిన్నవైనచో స్తంభమువంటి పాత్రలో అవి దట్టముగ నొదిగి ద్రవమును పోనీయవు.

మధుమేహరోగుల విషయమున ఈ లెక్క ప్రాణసంకటమైనది. 1980లో లిమ్, సన్ అను శాస్త్రజ్ఞులు ఇన్సులిను నిచ్చు కణసమూహములను ఆల్జినేటు పూసలలో నుంచి, పైన మరొక పొర కప్పి, మధుమేహముగల ఎలుకల కడుపులో ప్రవేశపెట్టిరి. గ్లూకోజు లోనికి, ఇన్సులిను వెలుపలికి పోగలవు. పరకణములను నాశనముచేయు పెద్ద ప్రతిరక్షకములు లోనికి రాలేవు. రెండు మూడు వారములు ఎలుకల రక్తములో చక్కెర అదుపునందుండెను. కాని మనుష్యశరీరమున అట్టి పూసలచుట్టు మచ్చవంటి కండ పెరుగుట కలదు. అంతట పూసలోనికి పోవలసిన ప్రాణవాయువును ఆ కండయే దారిలో త్రాగివేయును.

2013లో ప్రకటింపబడిన ఒక ప్రయత్నమున, జర్మనీలో ఒక రోగి చర్మముక్రింద అమర్చిన చిన్న పెట్టెలో ఈ కణములను ఆల్జినేటు పలుచని పలకగ నుంచి, ప్రతిదినము వెలుపలినుండి ప్రాణవాయువును నింపుచు వచ్చిరి. పుట్టిన ఇన్సులిను కొద్దిదే. కణములు మాత్రము పది నెలలు సజీవముగ నుండెను.