తీరం కాపాడే డాలర్లు.. మీకూ ఓ పని!

కోడింగ్ ఉద్యోగాల వేటలోనే ఉన్నారా? కాస్త సముద్రం వైపూ చూడండి. వాతావరణ మార్పుల్ని తట్టుకోవడానికి వర్ధమాన దేశాలకు డబ్బిచ్చే గ్రీన్ క్లైమేట్ ఫండ్, దక్షిణ కొరియా నుంచి పనిచేస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా తీరాలకు 4.34 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మడ అడవుల పునరుద్ధరణ, పీతల పెంపకం లాంటివి అందులో ఉన్నాయి.

అయితే అడగ్గానే ఇవ్వరు. ఈ ముప్పు వాతావరణం వల్లే వచ్చిందని డేటాతో నిరూపించాలి. చాలా పేద దేశాలు ఇక్కడే చతికిలబడతాయి. డబ్బు కంటే ఆ లెక్క కట్టేవాళ్లే కరువు! తీరం ఏటా ఎంత కోతకు గురవుతోందో ఉపగ్రహ చిత్రాల్లో కొలవగలరా? సివిల్, అగ్రికల్చర్ వాళ్లకిది చేతికందే పనే. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కాకపోతే ఇవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు, ఇంట్లో ముందే చెప్పేయండి.

మొదట ఫండ్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌పీ084 పత్రం తెరవండి. మన తీరం ప్రాజెక్టు అదే.