గనిలోని తాళపుచెవి

సదుము, పుంగనూరు, కుప్పము సీమకు పొరుగుననే కోలారు బంగారు గనులు శతాబ్దమునకు పైగా పనిచేసినవి. చిత్తూరు ప్రాంతపు తెలుగువారనేకులు పొట్టకూటికై అందు దిగిరి. 1902వ సంవత్సరము జూన్ నెలలో, కావేరీ నదిపై శివసముద్రమున పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల తీగలపై పయనించి ఆ గనులను చేరెను. బంగారమును వెలికిదీయుటకు తోడైన ఆ శక్తియే, ఏమరినచో ప్రాణము దీయగలదు.

కారణము సులభముగ గ్రహింపవచ్చును. ఎండిన చర్మము విద్యుత్తును కొంత అడ్డగించును. చెమటతో తడిసినది అంతగా అడ్డగింపజాలదు. ఆ గనులలో కొన్ని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. అంతటి లోతున, రాతివేడిమికి చెమటతో తడియని మేనుండదు. ఆంపియరులో పదవ వంతు ప్రవాహము గుండెలయను తప్పింపజాలును. నూరు వాట్ల దీపము వెలుగుటకు అందుకు నాలుగు రెట్లు కావలెను!

కావున గనులలో మూడు కట్టుబాట్లు ముఖ్యములు. యంత్రముల లోహపు తొడుగులను భూమితో కలుపుట మొదటిది. విద్యుత్తు దారితప్పి భూమిలోనికి కారిన వెంటనే సరఫరాను తెంచు సాధనము నమర్చుట రెండవది. మూడవది మనుష్యుని చేతిలోనిది. మరమ్మతునకు పూనినవాడు స్విచ్చి నాపి, తాళము వేసి, చెవిని తనయొద్దనే యుంచుకొని, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించిన పిమ్మటనే చేయి పెట్టవలెను. "ఆపితిమి" అను పరుల మాట చాలదు. సంగతి యెరుగని వేరొకడు మరల స్విచ్చి వేయవచ్చును గదా!

2001 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతపడినవి. పాఠము మాత్రము మూతపడలేదు. సదుము పొలములో మోటారును బాగుచేయబూనిన రైతుబిడ్డకును ఆ తాళపుచెవియే రక్ష.