దిక్కులేని కారు

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లో నాకొక తెలుగు మిత్రుడున్నారు. భార్య చికిత్స కోసం విశాఖ నౌక ఎక్కబోతూ, కారును నాలుగు నెలల ఏకాంతవాసానికి సిద్ధం చేస్తుంటే చూశాను. ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది గనుక అడుగుభాగాన్ని మంచినీటితో కడిగి ఆరనిచ్చారు. ఖాళీ ట్యాంకులో తేమ చేరుతుందని పెట్రోలు నిండా పోయించారు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, టైర్లలో గాలి నింపారు. హ్యాండ్ బ్రేకు మాత్రం వేయలేదు. వర్షాకాలపు తేమకు పట్టుకుపోతుందట! గేరులో నిలిపి, చక్రాలకు కొయ్యదిమ్మలు అడ్డుపెట్టారు.

“ఇంత శ్రద్ధ అవసరమా?” అన్నాను.

“వెళ్లాక చూసే దిక్కుండదు కదండీ! ముందు చేసిందే రక్ష” అన్నారాయన.

ఢిల్లీకి తిరిగివచ్చినా ఆ మాట నన్ను వదలలేదు. ఆ ద్వీపాలకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. 1967 ఎన్నికల దాకా ఆ ఒక్కరినీ రాష్ట్రపతే నియమించేవారు. సభ వాయిదా పడితే ఆ గొంతూ నెలల తరబడి వినిపించదు. కొన్ని పెద్ద జబ్బులకు నేటికీ సముద్రం దాటక తప్పని ఆ ప్రజల కోసం, వాయిదాకు ముందు మన పాలకులు ఏ చక్రానికి ఏ దిమ్మ పెట్టి వెళుతున్నారు?

పేరు మార్చారు, మంచిదే. రంగు మార్చినంత మాత్రాన తుప్పు ఆగుతుందా?