జాకీ ఎత్తునదే గాని మోయునది కాదు

కోతల కాలమున ధాన్యముతో వచ్చుచున్న ట్రాక్టరు తొట్టికి నడిదారిలో టైరు పగులుట కర్షక సోదరులకు క్రొత్త సంగతి కాదు. మబ్బు పట్టియుండును, ప్రొద్దు గ్రుంకుచుండును. ఆ తొందరలో జాకీతో బండినెత్తి దాని క్రిందికి దూరుదురు. ప్రాణహాని కలుగునది అట్టి వేళలందే. కావున ఈ పనిముట్టును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిమి.

నూనె జాకీలో చిన్నదొకటి, పెద్దదొకటి, రెండు ముషలకములు గలవు. చిన్నదాని వైశాల్యము 1 చదరపు సెంటీమీటరును, పెద్దదానిది 50 చదరపు సెంటీమీటర్లును అయినచో, చిన్నదానిపై మోపిన బలము పెద్దదానియొద్ద 50 రెట్లగును. ఇది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు పాస్కలు తెలిపిన సూత్రము. దీనిని బట్టియే 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండునందు ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. ఒక్క మనిషి చేతితో అంత బరువు లేచుట ఇందువలననే. అయితే ఆ బరువంతయు నిలుచునది నూనెమీద. లోపలి రబ్బరు అరిగినను, విడుదల మర వదులైనను నూనె జారును, బండి దిగును. ఎత్తుట జాకీ పని, మోయుట స్టాండు పని.

కావున ఈ క్రమమును పాటింపవలయును. 75 కిలోల బస్తాలు 40 ఉన్నచో అవి 3,000 కిలోలగును. మొదట వానిని దింపుడు. బండిని గట్టి చదునునేలపై నిలిపి, ఇంజను ఆపి, బ్రేకు బిగించి, నేలనంటియుండు చక్రములకు ముందువెనుకల అడ్డుదిమ్మెలు పెట్టుడు. చక్రము నేలమీద నుండగనే నట్టులను కొంచెము వదులు చేయుడు. నల్లరేగడియందు జాకీ క్రింద వెడల్పైన మందపు పలక వేయనిచో అది ఒరుగును. జాకీని ఇరుసు క్రింద నిటారుగా నిలుపుడు. బండి లేచిన వెంటనే ఇరుసు క్రింద స్టాండు పెట్టి, బరువును దానిపైకి దింపుడు. ఇటుకలను వాడరాదు, అవి చెప్పకయే పగులును.

నూర్పిడి యంత్రమును రసమట్టముతో సరిచేయునపుడును ఇదియే నియమము. పల్లమైన ప్రక్కను అంగుళము చొప్పున ఎత్తుచు, ప్రతిసారియు క్రింద గట్టి కొయ్యదిమ్మెలను అడ్డముగను నిలువుగను పేర్చుడు. దిమ్మెను కర్రతో త్రోయవలయునే గాని, సందులో చేయి పెట్టరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. ట్రాక్టరు వెనుక నాగలి ఎత్తియున్నచో, దానిని నేలకు దింపక క్రిందికి పోరాదు. దానిని నిలిపియుంచునదియు నూనెయే.

స్టాండులు ఒక్కొక్కరు కొనుట భారమైనచో, నలుగురు సభ్యులు కలసి ఒక జత కొనుట తేలిక. అవి ఇంటి మూలనుండిన ప్రయోజనము లేదు. తొట్టితోడనే పొలమునకు పోవలయును. వానకు తడిసిన ధాన్యమును ఆరబెట్టుకొనవచ్చును. ఇంటికి పెద్దదిక్కైనవాడు పోయినచో ఆ లోటును ఏ సంఘమును తీర్పజాలదు.