క్లౌడ్ సేవల నుండి అందే వాతావరణ సమాచారం: ఎపిఐ ప్రతిస్పందనను చదివే విధానం

పంట పెరుగుదల నమూనాలకు, చీడపీడల ముందస్తు అంచనాలకు, సాగునీటి అవసరాల లెక్కలకు దినసరి వాతావరణ సమాచారమే ఆధారం. వాతావరణ పరిశీలన కేంద్రం దగ్గరలో లేని ప్రాంతాలకు ఈ సమాచారాన్ని క్లౌడ్ సేవల నుండి పొందడం పరిపాటి అయింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఉచితంగా అందించే ‘పవర్’ సేవ వీటిలో ఒకటి. అక్షాంశం, రేఖాంశం, తేదీలు, కావలసిన అంశాలు తెలిపి అభ్యర్థన పంపితే ఎపిఐ ద్వారా కొద్ది క్షణాలలో ప్రతిస్పందన అందుతుంది. అందులోని అంకెలను మాత్రమే తీసుకొని మిగిలిన భాగాన్ని విస్మరించడం వలన కలిగే పొరపాట్లు, వాటి నివారణ ఈ వ్యాసంలో వివరించడమైనది.

స్థితి సంకేతం

ప్రతి ప్రతిస్పందనతో పాటు మూడంకెల స్థితి సంకేతం వస్తుంది. 200 అంటే అభ్యర్థన నెరవేరినదని అర్థం. 4తో మొదలయ్యే సంకేతాలు అభ్యర్థనలోని లోపాన్ని, 5తో మొదలయ్యేవి సర్వరు వైపు లోపాన్ని సూచిస్తాయి. 422 వచ్చినప్పుడు తేదీలను, అంశాల పేర్లను సరిచూసుకోవాలి. అదే అభ్యర్థనను తిరిగి పంపడం నిష్ప్రయోజనం. 429 వస్తే తక్కువ వ్యవధిలో ఎక్కువ అభ్యర్థనలు పంపినట్లు గ్రహించి కొంత విరామం ఇవ్వాలి.

అయితే 200 వచ్చినంత మాత్రాన సమాచారం మనకు కావలసినదే అని చెప్పలేము. రాజేంద్రనగర్ సుమారు 17.32 ఉత్తర అక్షాంశం, 78.40 తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ రెండు అంకెలు తారుమారైతే ఆ బిందువు ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దీవులలో పడుతుంది. సర్వరు దృష్టిలో అదీ సరైన చిరునామాయే కనుక 200తోనే సమాధానం వస్తుంది.

స్థాన వివరాలు

ప్రతిస్పందన సాధారణంగా జేసన్ రూపంలో ఉంటుంది. దీని స్థాన విభాగంలో ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం, చివర సముద్రమట్టం నుండి ఎత్తు మీటర్లలో ఉంటాయి. ఈ ఎత్తు మన పొలానిది కాదు. ఆ గడి మొత్తానికి సగటు. వాతావరణ అంశాలకు గడి పరిమాణం 0.5 డిగ్రీల అక్షాంశం, 0.625 డిగ్రీల రేఖాంశం. మన ప్రాంతంలో ఇది సుమారు 55 కి.మీ., 66 కి.మీ. అవుతుంది. చింతపల్లి వంటి ఎత్తయిన ప్రాంతాలలో ఈ తేడా ఉష్ణోగ్రతపై ప్రభావం చూపుతుంది.

లేని విలువకు గుర్తు

విలువ లభించని రోజుకు ప్రతిస్పందనలో -999 అని ఉంటుంది. ఈ విషయం శీర్షిక విభాగంలోనే తెలుపబడి ఉంటుంది. ఇటీవలి రోజులకు, ముఖ్యంగా సౌర వికిరణానికి, ఇది తరచుగా కనిపిస్తుంది. సగటు ఉష్ణోగ్రతలో ఇది కలిస్తే ఫలితం అసహజంగా ఉండి వెంటనే బయటపడుతుంది. ప్రమాదమంతా బయటపడని చోటే ఉన్నది. గ్రోయింగ్ డిగ్రీ డేస్ లెక్కలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుండి 10 డిగ్రీలు తీసివేసి, ఫలితం రుణాత్మకమైతే సున్నాగా తీసుకొంటారు. గరిష్ఠం 34, కనిష్ఠం 22 డిగ్రీలైన రోజున 18 యూనిట్లు రావాలి. కానీ -999 ఉన్న రోజు సున్నాగా మారి ఏ హెచ్చరికా లేకుండా లెక్కలో కలిసిపోతుంది. ఇటువంటి రోజులు పది ఉంటే 180 యూనిట్లు తగ్గి, పురుగు దశల అంచనా పది రోజులు వెనుకబడుతుంది. సస్యరక్షణ సలహా రైతుకు ఆలస్యంగా చేరుతుంది. అదే విధంగా వర్షపాతంలో -999ని సున్నాగా మార్చితే లేని బెట్ట ఉన్నట్లు కనబడుతుంది.

ప్రమాణాలు, కాలం

సౌర వికిరణాన్ని వ్యవసాయ వర్గం కింద కోరితే చదరపు మీటరుకు రోజుకు మెగాజౌళ్ళలోను, పునరుత్పాదక ఇంధన వర్గం కింద కోరితే కిలోవాట్ గంటలలోను వస్తుంది. 18 మెగాజౌళ్ళు 5 కిలోవాట్ గంటలకు సమానం. ప్రమాణం చూడకుండా 5ను మెగాజౌళ్ళుగా భావిస్తే పంట నీటి అవసరం బాగా తక్కువగా లెక్కకు వస్తుంది.

కాల ప్రమాణం స్థానిక సౌర కాలమా, సార్వత్రిక కాలమా అన్నది కూడా శీర్షికలో ఉంటుంది. భారత ప్రామాణిక సమయం సార్వత్రిక కాలం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అంతేగాక, మన వర్షమాపకాలలో ఉదయం 8.30 గంటలకు గడచిన 24 గంటల వర్షాన్ని ఆ రోజు తేదీన నమోదు చేస్తారు. సాయంత్రం కురిసిన వాన వర్షమాపక రికార్డులో మరుసటి తేదీన, అర్ధరాత్రి నుండి అర్ధరాత్రి వరకు లెక్కించే పవర్ సమాచారంలో అదే తేదీన కనబడుతుంది. కావున రెండింటినీ పోల్చేటప్పుడు వారం లేదా పది రోజుల మొత్తాలను తీసుకోవడం మేలు.

ముగింపు

స్థితి సంకేతం, స్థానం, లేని విలువల సంఖ్య, ప్రమాణాలు, కాల ప్రమాణం: ఈ ఐదింటినీ వరుసగా సరిచూసిన తరువాతనే విలువలను నమూనాలోకి పంపాలి. ఇటీవలి నెలల విలువలు తరువాత సవరింపబడే అవకాశం ఉన్నందున, ప్రతిస్పందనను యథాతథంగా భద్రపరచి, పొందిన తేదీని నమోదు చేయడం అవసరం. విద్యార్థులు తమ పరిశోధన గ్రంథంలో ఈ వివరాలను తెలిపినప్పుడే ఇతరులు ఆ లెక్కలను తిరిగి చేసి నిర్ధారించగలుగుతారు.