బల్లి మనుషులకు పడ్డ ఓటు

2008 నవంబరు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఓ ఓటరు సెనేట్ అభ్యర్థి అల్ ఫ్రాంకెన్ పేరు పక్కనున్న గడిని నల్లగా దిద్దారు. అంతటితో ఊరుకోలేదు. జాబితాలో లేనివాళ్ల పేర్లు రాసుకోవడానికి అడుగున వదిలిన ఖాళీలో ‘లిజర్డ్ పీపుల్’ అని రాసి, ఆ గడినీ దిద్దారు. బల్లి మనుషులన్నమాట! ఇంతకీ ఈ ఓటు ఫ్రాంకెన్‌దా, చెల్లనిదా?

మామూలు ఎన్నికైతే ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ దాదాపు 29 లక్షల ఓట్లు పోలైన ఆ పోటీలో మొదటి లెక్కకు రిపబ్లికన్ అభ్యర్థి నార్మ్ కోల్‌మన్ ఆధిక్యం 215. తేడా అర శాతంలోపు ఉంటే చేత్తో మళ్లీ లెక్కపెట్టాలని అప్పటి చట్టం. యంత్రానికి తెలిసింది గడిలోని నలుపే. గడి వదిలేసి పేరు చుట్టూ సున్నా చుడితే దాని లెక్కలో అది ఖాళీ కాగితమే. మనిషి కన్ను అలా కాదు, ఓటరు మనసు పోల్చుకుంటుంది. ఉద్దేశం తేటగా తెలిస్తే ఓటు చెల్లుతుందన్నది అక్కడి నియమం.

మన నిబంధనలదీ అదే దారి. ఒకే అభ్యర్థి గడిలో ముద్ర రెండుసార్లు పడినా, మసకగా పడినా చెల్లుతుంది. ఎవరికి వేశారో తేలకపోతే చెల్లదు. కాగితపు బ్యాలెట్ల రోజుల్లో, 1989లో, అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. అంత తక్కువ తేడాలో ఒక్కో ముద్ర ఎంత విలువైనదో వేరే చెప్పాలా? ఈవీఎంలు వచ్చాక ముద్రల తగాదా పోయి, పేచీ పోస్టల్ బ్యాలెట్ల డిక్లరేషన్ల మీదికి మళ్లింది.

మిన్నెసోటాలో లెక్కింపు బల్లల దగ్గర ఇరుపక్షాలవాళ్లు అభ్యంతరం చెప్పిన బ్యాలెట్లు ఆరు వేలు దాటాయి. చాలావాటిని వాళ్లే వెనక్కి తీసుకున్నారు. మిగిలినవి రాష్ట్ర కార్యదర్శి, నలుగురు న్యాయమూర్తులు ఉన్న బోర్డు ముందుకు వచ్చాయి. ఒక్కో కాగితాన్నీ బహిరంగంగా పరిశీలించి తేల్చారు. జనం ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూశారు. బల్లి మనుషులనేవాళ్లే లేరు కాబట్టి ఆ ఓటు మాదేనని ఫ్రాంకెన్ పక్షం వాదించింది. బోర్డు ఒప్పుకోలేదు. ఒకే పదవికి రెండు గడులు దిద్దారు, చెల్లదంది.

చేతి లెక్కింపులో ఫ్రాంకెన్ స్వల్పంగా ముందుకొచ్చారు. ఆ తేడాను పెంచింది అప్పటిదాకా తెరవని కవర్లు. పొరపాటున తిరస్కరించిన 933 పోస్టల్ ఓట్లను 2009 జనవరి 3న తెరిస్తే ఫ్రాంకెన్‌కు 481, కోల్‌మన్‌కు 305 వచ్చాయి. ఆధిక్యం 225కు చేరింది. కోల్‌మన్ కోర్టుకెక్కారు. న్యాయమూర్తుల ఆదేశంతో ఏప్రిల్‌లో మరో 351 కవర్లు విప్పితే తేడా 312 అయింది. జూన్ 30న రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. కోల్‌మన్ అదే రోజు ఓటమి ఒప్పుకున్నారు.

ఆ ఏడాది డిసెంబరులో ఒబామా ఆరోగ్య బీమా బిల్లు సెనేట్‌లో సరిగ్గా 60 ఓట్లతో గట్టెక్కింది. అందులో ఫ్రాంకెన్ ఓటూ ఒకటి. చర్చ ముగించడానికి కావలసింది కూడా 60 మందే. ఒక్కరు తగ్గినా బిల్లు అక్కడే ఆగేది.

ఎనిమిది నెలల పేచీలో ఓడినవాడి చేత ఓటమి ఒప్పించింది 312 అన్న అంకె ఒక్కటే కాదు. ఏ ఓటు చెల్లుతుందో చెప్పే నియమం లెక్కింపుకు ముందే రాసి ఉంది. బల్లి మనుషుల ఓటు లెక్కలోకి రాలేదు, ఎందుకు రాలేదో మాత్రం రాష్ట్రమంతా కళ్లారా చూసింది.