జాయిన్, విడి క్వెరీల పనితీరు

రిలేషనల్ డేటాబేసులో రెండు లేదా అంతకంటే ఎక్కువ పట్టికలలోని వరుసలను ఒక ఉమ్మడి విలువ ఆధారంగా జతపరచి, ఒకే ఫలితంగా రాబట్టడాన్ని జాయిన్ అంటారు. ఒక్కొక్క పట్టిక నుండి సమాచారాన్ని వేర్వేరుగా తెచ్చుకొని, ప్రోగ్రాములో జతపరచడం విడి క్వెరీల పద్ధతి.

నేపథ్యం

రిలేషనల్ నమూనాను 1970లో ఐబీఎం సంస్థకు చెందిన ఎడ్గార్ ఎఫ్. కాడ్ ప్రతిపాదించాడు. ఒక విషయాన్ని ఒకేచోట నమోదు చేయడం ఈ నమూనాలో ముఖ్యమైన పద్ధతి. ఉదాహరణకు 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోకి మారాయి. గ్రామాల పట్టికలో ప్రతి వరుసలోను జిల్లా పేరు వ్రాసి ఉంటే, ఈ మండలాలలోని గ్రామాలన్నిటినీ సవరించవలసి వస్తుంది. జిల్లా పేరు మండలాల పట్టికలో మాత్రమే ఉంటే నాలుగు వరుసలు మారిస్తే చాలు. అయితే గ్రామం పక్కన జిల్లా పేరు చూపాలంటే రెండు పట్టికలను కలపాలి.

వేగం

వంద గ్రామాల జాబితాను ఒక క్వెరీతో తెచ్చి, ప్రతి గ్రామానికీ మండలం వివరాలను మళ్ళీ అడిగితే మొత్తం 101 క్వెరీలు అవుతాయి. దీనిని 'ఎన్ ప్లస్ వన్' సమస్య అంటారు. సర్వరుకు వెళ్ళి రావడానికి 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఎదురుచూపుకే 202 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. జాయిన్‌కు ఒక్క రాకపోక చాలు. జతపరచే పనిని సర్వరు నెస్టెడ్ లూప్, హాష్, మెర్జ్ అనే విధానాలలో అనువైనదానితో చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో హాష్ జాయిన్ 2019లో 8.0.18 వెర్షనుతో వచ్చింది. జతపరచే కాలమ్‌కు ఇండెక్సు లేకపోతే పెద్ద పట్టికలలో నెస్టెడ్ లూప్ చాలా నెమ్మదిస్తుంది.

విడి క్వెరీలు మేలైన సందర్భాలు

ఒక మండలంలో 30 గ్రామాలు, 10 పాఠశాలలు ఉన్నాయనుకుంటే, మూడు పట్టికలను మండలం ఆధారంగా ఒకేసారి జాయిన్ చేసినపుడు 300 వరుసలు వస్తాయి. విడిగా అడిగితే 41 వరుసలే వస్తాయి. పట్టికలు వేర్వేరు సర్వర్లలో ఉన్నపుడు, లేదా మండలాల వివరాలు ముందే మెమరీలో ఉన్నపుడు కూడా విడి క్వెరీలు అనుకూలం. కావలసిన మండలాలన్నిటినీ ఒకే క్వెరీలో అడిగితే 101కి బదులు రెండు క్వెరీలతో పని పూర్తవుతుంది.

ఖచ్చితత్వం

వేగంతోపాటు ఫలితం సరిగా ఉండడం కూడా ముఖ్యం. జిల్లాకొక క్వెరీతో మండలాల జాబితా తయారు చేస్తున్నపుడు, శ్రీకాకుళం జాబితా తీసిన తరువాత, విజయనగరం జాబితా తీయకముందు మార్పు జరిగితే రాజాం రెండు జిల్లాలలోను కనిపిస్తుంది. క్రమం తారుమారైతే ఏ జిల్లాలోను కనిపించదు. స్నాప్‌షాట్ పద్ధతి పాటించే డేటాబేసులలో జాయిన్ ఒకే క్షణపు స్థితిని చూస్తుంది కనుక ఈ లోపం రాదు. విడి క్వెరీలు వాడవలసివస్తే వాటిని తగిన ఐసోలేషన్ స్థాయిగల ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంచాలి.